చివరిసారి కళ్లతో చూసిందెప్పుడు? ఫ్యాక్టరీలో రేడియోధార్మిక గేజ్ పోకుండా, పోయినా దొరికేలా చేయాల్సిన పనులు

థాయ్‌లాండ్‌లోని ప్రాచిన్‌బురి ప్రావిన్స్‌లో ఒక ఆవిరి విద్యుత్కేంద్రం నుంచి 2023లో సీజియం-137 ఉన్న గేజ్ మాయమైంది. అది 30 సెంటీమీటర్ల పొడవు, 13 సెంటీమీటర్ల వ్యాసం, 25 కిలోల బరువున్న లోహపు డబ్బా. ఫిబ్రవరి 23 నుంచే అది ఉండాల్సిన చోట లేదని తర్వాత తేలింది. అధికారులకు కబురు వెళ్లింది మార్చి 10న. మధ్యలో 15 రోజులు. మొదట 50 వేల బాత్‌లు, తర్వాత లక్ష బాత్‌లు బహుమతి ప్రకటించి ఊళ్లన్నీ గాలించారు. చివరికి దొరికింది గేజ్ కాదు, దాని ఆనవాలు. కబిన్‌బురిలో పాత ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో, కొలిమి పొగ నుంచి పట్టిన దుమ్ము సంచుల్లో సీజియం బయటపడింది. డబ్బా అప్పటికే కొలిమిలో కరిగిపోయింది.

ఆ 15 రోజుల ఖాళీ గురించే నేను ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఇది సిమెంటు, ఉక్కు, కాగితం, థర్మల్ విద్యుత్, గని పరిశ్రమల్లో ఆర్‌ఎస్‌ఓలుగా, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీర్లుగా, స్టోర్స్ అధికారులుగా ఉన్నవాళ్ల కోసం. ఆర్‌ఎస్‌ఓ అంటే రేడియేషన్ భద్రత చూసే అధికారి. మన దగ్గర ఈ పరిశ్రమలకు కొదవలేదు. తాండూరు, హుజూర్‌నగర్, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. విశాఖలో ఉక్కు, రామగుండంలో థర్మల్ కేంద్రం ఉన్నాయి. బంకర్లో మట్టం, గొట్టంలో స్లర్రీ సాంద్రత, బెల్టు మీద బరువు, కాగితం మందం కొలవడానికి ఈ పరిశ్రమల్లో న్యూక్లియానిక్ గేజ్‌లు వాడతారు. అంటే లోపలున్న రేడియోధార్మిక పదార్థం (దాన్నే సోర్స్ అంటాం) నుంచి వచ్చే కిరణాలతో కొలిచే పరికరాలు.

మొదటి పని: మీ చేతిలో ఉన్నదేమిటో లెక్కగట్టండి

గేజ్ మీద లోహపు పలక ఉంటుంది. ఐసోటోపు పేరు, సోర్స్ సీరియల్ నంబరు, తయారైన నాటి బలం, తేదీ దాని మీద చెక్కి ఉంటాయి. ఆ నాలుగూ చదివి నోట్ చేసుకోండి. పెయింటు కింద, సిమెంటు పొర కింద కప్పబడిపోయి ఉంటే శుభ్రం చేయించండి. పలక కనిపించని గేజ్ పాత ఇనుము కొట్టువాడి కంటికి మంచి బరువున్న సీసం ముక్కలా కనిపిస్తుంది.

"చాలా పాతది సార్, ఇంకా బలం ఏముంటుంది?" అనే మాట ప్రతి ప్లాంటులోనూ వింటాం. సీజియం-137 బలం సగానికి తగ్గడానికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. ప్రాచిన్‌బురి గేజ్ 1995లో 80 మిల్లీక్యూరీలు, పోయేనాటికి ఇంకా 41 దాకా ఉంది. కోబాల్ట్-60 అయితే అయిదేళ్ల పైచిలుకులో సగమవుతుంది. అమెరీషియం-241కి 430 ఏళ్లు పైనే పడుతుంది. దాన్ని మన మునిమనవలు కూడా లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇక మోతాదు, అంటే ఒంటికి తగిలే రేడియేషన్. దాన్ని సీవర్టుల్లో కొలుస్తారు. 41 మిల్లీక్యూరీలంటే ఒకటిన్నర గిగాబెక్వెరల్, రెండూ సోర్స్ బలాన్ని చెప్పే కొలతలే. ఆ సోర్స్ సీసం కవచం నుంచి బయటపడితే మీటరు దూరంలో గంటకు 0.14 మిల్లీసీవర్టు. సామాన్య ప్రజలకు ఏడాది మొత్తానికి పరిమితి 1 మిల్లీసీవర్టు. అంటే మీటరు దూరంలో ఏడెనిమిది గంటలు కూర్చుంటే ఏడాది కోటా అయిపోయినట్టే. దూరం పదో వంతుకు తగ్గితే మోతాదు వంద రెట్లు పెరుగుతుంది. వేళ్లతో పట్టుకుంటే, జేబులో వేసుకుంటే, లెక్క గంటకు వెయ్యి మిల్లీసీవర్టులు దాటుతుంది. కొన్ని గంటల్లో అక్కడి చర్మం దెబ్బతింటుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వర్గీకరణలో ఇలాంటి గేజ్‌లు ఎక్కువగా నాలుగో తరగతిలోకి వస్తాయి. ఆ అంకె చూసి "తక్కువ ప్రమాదం" అనుకుని పక్కన పెట్టకండి. ఆ తరగతి సోర్స్‌ను సరిగ్గా చూసుకుంటున్నంత కాలం ఆ మాట నిజం. జేబులో ఉన్నదానికి అది వర్తించదు.

రెండో పని: రిజిస్టర్లో "చూసిన తేదీ" అనే గడి పెట్టండి

చాలా రిజిస్టర్లలో గేజ్ నంబరు, స్థలం, పక్కన నెలవారీ టిక్కు ఉంటాయి. ఆ టిక్కు ఎలా పడుతుందో నాకు తెలుసు. ఒకప్పుడు ఒక సిమెంటు ప్లాంటులో షట్‌డౌన్ సమయంలో ప్రీహీటర్ సైక్లోన్ మీంచి గేజ్ దించి, కింది అంతస్తులో గోనెసంచుల వెనక పెట్టారు. షిఫ్టు మారింది, కాంట్రాక్టు కుర్రాళ్లు మారారు. కొత్త గేజ్ బిగించారు. పాతది అక్కడే ఉండిపోయింది. రిజిస్టర్లో మాత్రం మూడు నెలలు వరసగా టిక్కులు పడ్డాయి. మెట్లెక్కి చూసినవాళ్లు లేరు. అది బయటికి పోకపోవడం మా అదృష్టం. ఆనాటి నుంచి నేను టిక్కు ఒప్పుకోను.

ఇలా రాయించండి: ఏ తేదీ, ఏ గంటకు, ఎవరు స్వయంగా చూశారు. పలక మీది సీరియల్ నంబరు ఎంత. రేడియేషన్ కొలిచే సర్వే మీటరు ఎంత చూపింది. ఈ చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. హౌసింగ్, అంటే కవచపు డబ్బా, కనిపించినంత మాత్రాన సోర్స్ లోపల ఉన్నట్టు కాదు. కిరణాలు బయటికొచ్చే దారికి ఉండే షట్టర్ మూసి, ప్రతిసారీ అదే దూరంలో, అదే చోట మీటరు పెట్టండి. పోయిన నెల రీడింగుతో పోల్చండి. ఉన్నట్టుండి నేల మీది సహజ స్థాయికి పడిపోయిందంటే డబ్బా ఖాళీ అయి ఉండొచ్చు. పెరిగిందంటే షట్టర్ సరిగ్గా మూసుకోవడం లేదేమో.

ఆస్ట్రేలియాలో జరిగింది ఇదే. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక ఇనుప గని నుంచి సాంద్రత గేజ్‌ను పెట్టెలో పెట్టి లారీలో పెర్త్ పంపారు. జనవరి 16న చేరింది. పెట్టె తెరిచింది 25న. లోపల గేజ్ విడిపోయి ఉంది, ఒక బోల్టు లేదు, 19 గిగాబెక్వెరల్ సీజియం క్యాప్సూల్ లేదు. 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వ్యాసం, అంటే మాత్రంత. దారి 1400 కిలోమీటర్లు. ఫిబ్రవరి 1న న్యూమన్ దగ్గర రోడ్డుకు రెండు మీటర్ల అవతల దొరికింది. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాహనంలోని డిటెక్టర్ పసిగట్టింది. అంత పెద్ద దారిలో దొరకడం నిజంగా గొప్ప పని. కానీ పెట్టె చేరిన రోజే తెరిచి మీటరు పెట్టి ఉంటే తొమ్మిది రోజులు కలిసొచ్చేవి. అందుకని మీ దగ్గరికి వచ్చే, మీ దగ్గర నుంచి వెళ్లే ప్రతి గేజ్‌కూ రెండు వైపులా మీటరు రీడింగు తీసి, అదే రోజు ఫోన్లో చెప్పుకునే పద్ధతి పెట్టుకోండి.

మూడో పని: గేజ్‌లు పోయే రోజుల్ని ముందే గుర్తించండి

గేజ్ తన చోట బిగించి, లైను నడుస్తున్నంత కాలం పోయే అవకాశం తక్కువ. రీడింగ్ పోతే కంట్రోల్ రూమ్ వెంటనే అరుస్తుంది. పోయేది లైను ఆగినప్పుడే. వార్షిక షట్‌డౌన్, పాత యూనిట్ కూల్చివేత, ప్లాంటు చేతులు మారడం, దివాలా, ఆర్‌ఎస్‌ఓ ఉద్యోగం మానడం, ఈ అయిదింటిలో ఏది వచ్చినా ఆ వారమే మొత్తం గేజ్‌లు లెక్కపెట్టించండి.

కూల్చివేత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2009లో చైనాలోని షాన్‌షీ రాష్ట్రం టాంగ్‌చువాన్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీని విప్పేస్తుండగా సీజియం ఉన్న సీసపు గుండు పాత ఇనుముతో కలిసిపోయింది. దాన్ని ఉక్కు మిల్లులో కరిగించారు. మన సిమెంటువాళ్లు ఈ కేసు చదవాలి, ఎందుకంటే అక్కడి పరిస్థితి అచ్చం మన పాత ప్లాంట్లలాంటిదే. కూల్చివేత టెండరు పిలిచే ముందే గేజ్‌లన్నీ విప్పి, తాళం వేసిన సోర్స్ గదిలో పెట్టాలి. "గేజ్‌లు లేవు" అని ఆర్‌ఎస్‌ఓ సంతకం పెట్టాకే కాంట్రాక్టరుకు గ్యాస్ కటింగ్ అనుమతి ఇవ్వాలి. ఇది టెండరు షరతుల్లోనే రాసుకుంటే తర్వాత వాదనలుండవు.

షట్‌డౌన్ రోజుల్లో మా దగ్గర పనిచేసిన చిన్న చిట్కా ఒకటుంది. దించిన ప్రతి గేజ్ స్థానంలో ఎర్ర పలక తగిలించాం. "ఇక్కడి గేజ్ ఫలానా తేదీన దించాం, సోర్స్ గదిలో ఉంది" అని తెలుగులోనూ హిందీలోనూ రాసి. కాంట్రాక్టు కార్మికుల్లో ఎక్కువమంది ఒడిశా, బీహార్, జార్ఖండ్ వాళ్లు. రేడియేషన్‌ను సూచించే మూడు రెక్కల గుర్తు వాళ్లకు తెలుస్తుందని ఊహించుకోవద్దు.

నాలుగో పని: వాడని గేజ్‌ను ప్లాంటులో పెట్టుకోకండి

మారుమూల స్టోర్‌లో ఏళ్ల తరబడి ఉన్న గేజ్‌కు క్రమంగా యజమాని లేకుండా పోతాడు. పని అయిపోయిన సోర్స్‌ను సరఫరాదారుకు గానీ, అధీకృత వ్యర్థ నిర్వహణ సంస్థకు గానీ తిప్పి పంపాలి. మన దేశంలో దీనికి అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి, రవాణా నిబంధనల ప్రకారం ప్యాకింగ్ ఉండాలి. కొనేటప్పుడే "వాపసు తీసుకుంటాం" అనే ఒప్పందం సరఫరాదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ కంపెనీ ఉంటుందో లేదో, లేకపోతే అయ్యే ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

అమెరికాలో సాధారణ లైసెన్సు కింద ఉన్న గేజ్‌ను రెండేళ్లకు మించి వాడకుండా ఉంచుకోకూడదని నిబంధన ఉంది. షట్టర్ పనితీరు, లీకు పరీక్ష సాధారణంగా ఆరు నెలలకోసారి చేయాలి. అక్కడి ప్లాంట్లలో పనిచేసే మనవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

అయిదో పని: గేటు దగ్గర ఒక కన్ను

గేట్‌పాస్ లేకుండా కుర్చీ కూడా బయటికి పోని ఫ్యాక్టరీ నుంచి గేజ్ ఎలా పోతుంది? స్క్రాప్ లారీలో పోతుంది. స్క్రాప్ బరువు చూస్తారు, లోపల ఏముందో చూడరు. కాటా దగ్గర రేడియేషన్ పోర్టల్, అంటే లారీ మధ్య నుంచి వెళ్తుంటే రేడియేషన్ పసిగట్టే ద్వారం, పెట్టగలిగితే మంచిది. పెట్టలేకపోతే చేతి మీటరుతో లారీ చుట్టూ నెమ్మదిగా తిరగండి, అయిదు నిమిషాల పని. దించిన ముక్కల్లో సీసం, అనుమానంగా బరువైన గుండ్రటి డబ్బా, షట్టర్ హ్యాండిల్ ఉన్న పెట్టె కనబడితే లారీ ఆపాలని సెక్యూరిటీకి ఫొటోలతో చూపించండి.

కొలిమి ఉన్నవాళ్లకు ఇది డబ్బు లెక్క కూడా. కరిగాక సీజియం ఆవిరై పొగ దుమ్ములో చేరుతుంది. కోబాల్ట్ ఉక్కులోనే కలిసిపోతుంది. అమెరీషియం చిట్టెంలో తేలుతుంది. 2008లో మన దేశపు ఉక్కుతో చేసిన లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 ఉందని ఫ్రాన్స్‌లో తేలింది. 2025 ఆగస్టులో అమెరికా రేవుల్లో ఇండోనేషియా నుంచి వచ్చిన రొయ్యల కంటైనర్లలో సీజియం-137 దొరికింది. దర్యాప్తు ఇండోనేషియాలోనే ఉన్న చికాండే పారిశ్రామికవాడలోని లోహం కరిగించే ఫ్యాక్టరీ దాకా వెళ్లింది. భీమవరం, నెల్లూరు రొయ్యల రైతులకు ఇది దూరపు వార్త కాదు. ఏ స్క్రాప్ కొలిమి పొగ ఎటు పోతుందో, ఎవరి సరుకు మీద వాలుతుందో ముందే చెప్పలేం.

ఆరో పని: గేజ్ కనబడలేదు. మొదటి 24 గంటలు

మన దేశంలో అణుశక్తి (రేడియేషన్ రక్షణ) నియమాలు, 2004 ప్రకారం సోర్స్ పోయినా, దానితో ప్రమాదం జరిగినా నియంత్రణ మండలికి, అంటే ఏఈఆర్‌బీకి, 24 గంటల్లో తెలియజేయాలి. ఈ బాధ్యత సోర్స్ ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లదే.

ఈ గడువును చాలామంది తప్పుగా చదువుతారు. 24 గంటలు వెతికి, దొరక్కపోతే చెబుదాం అనుకుంటారు. అలా చేయకండి. గేజ్ చోటులో లేదని ఒక మనిషి చెప్పిన క్షణం రాసుకోండి. ఒక గంట, మహా అయితే రెండు గంటలు అవకాశమున్న చోట్లు చూడండి: సోర్స్ గది, వర్క్‌షాప్, దించిన అంతస్తు, స్టోర్స్. ఈలోగా గేటు మూసేయండి. ఒక్క స్క్రాప్ లారీ కూడా బయటికి పోకూడదు. చివరిసారి చూసిన తేదీ నుంచి ఇవాళ్టి దాకా బయటికి వెళ్లిన ప్రతి లారీ నంబరు, కొన్నవారి పేరు, కాటా చీటీ తీయించండి. ఇక్కడే ఆ "చూసిన తేదీ" గడి విలువ తెలుస్తుంది. నిన్న చూసి ఉంటే రెండు లారీలు వెతికితే చాలు. మూడు నెలల కిందట చూసి ఉంటే మూడు వందల లారీలు, పది ఊళ్లు.

రెండో గంటకు దొరక్కపోతే ఏఈఆర్‌బీకి ఫోన్ చేయండి, తర్వాత రాతలో పంపండి. లైసెన్సులు నడిచే ఈలోరా పోర్టల్‌లో మీ వివరాలు ఉన్నాయి కదా అని ఫోన్ మానకండి. చెన్నైలో వాళ్ల దక్షిణ ప్రాంతీయ నియంత్రణ కేంద్రం ఉంది, ఆ నంబరు ఇవాళే గోడ మీద రాయించండి. అదే సమయంలో స్థానిక పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. దొంగతనమా, పొరపాటా అన్నది తర్వాత తేలుతుంది.

కబురులో ఇవి ఉండాలి: ఐసోటోపు, ఇవాళ్టి బలం, సీరియల్ నంబరు, హౌసింగ్ ఫొటో, కొలతలు, బరువు. షట్టర్ తాళం వేసి ఉందా లేదా. చివరిసారి చూసిందెవరు, ఎప్పుడు. అప్పటి నుంచి స్క్రాప్ ఎక్కడికి వెళ్లింది. ఇంకా తెలియనిది ఉంటే తెలియదనే రాయండి. తెలుసుకుని పంపుదామని ఆగితే కొలిమి ఆగదు.

పోలీసులకు చెప్పే పద్ధతి వేరు. బెక్వెరల్ లెక్కలు వాళ్లకు అక్కరలేదు. "ఈ ఫొటోలోని డబ్బా, ఇంత బరువు. తాకొద్దు, పగలగొట్టొద్దు, చూస్తే పదిహేను మీటర్లు దూరంగా నిలబడి ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఇంతే. ఇదే మాట తెలుగులో కరపత్రంగా చుట్టుపక్కల పాత ఇనుము కొట్లన్నిటికీ చేర్చండి. 2019 జనవరిలో రాజమహేంద్రవరం ప్రాంతం నుంచి చమురు బావుల పరిశీలనకు వాడే సీజియం పరికరం పోయింది. అది చివరికి అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో పాత సామాన్ల కొట్టులోనే దొరికింది. 2010లో ఢిల్లీ మాయాపురిలో కోబాల్ట్-60 ఉన్న ప్రయోగశాల యంత్రం స్క్రాప్ బజారుకు చేరింది. విప్పినవాళ్లు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. కొట్టువాళ్లు నేరస్తులు కారు. ఎక్కువసార్లు మొదటి బాధితులు వాళ్లే. శిక్ష భయం పెడితే డబ్బాను చెరువులో పడేస్తారు. బహుమతి, రక్షణ హామీ ఇస్తే ఫోన్ చేస్తారు.

ఏడో పని: వెతుకులాట

సహజ స్థాయి సాధారణంగా గంటకు 0.1 మైక్రోసీవర్టు అటూ ఇటూ ఉంటుంది. ముందు మీ ప్రాంతంలో కొలిచి రాసుకోండి, గ్రానైట్ నేల మీద కాస్త ఎక్కువ చూపవచ్చు. పైన చెప్పిన ఒకటిన్నర గిగాబెక్వెరల్ సోర్స్ కవచం లేకుండా ఉంటే 30 మీటర్ల దూరంలోనే సహజ స్థాయికి సమానమైన అదనపు రీడింగు వస్తుంది. కవచంలో, షట్టర్ మూసి ఉంటే నాలుగైదు మీటర్ల దగ్గరికి వెళితే గానీ తేడా తెలియకపోవచ్చు. కాబట్టి వాహనంలో ఒక చుట్టు తిరిగి "లేదు" అని రాయకండి. స్క్రాప్ గుట్టల చుట్టూ మీటరును నడుం ఎత్తులో పట్టుకుని మెల్లగా నడవండి. కొలిమి ఉన్నచోట దుమ్ము సంచులు, చిట్టెం గుట్ట, తాజా బిల్లెట్లు (పోతపోసిన ఉక్కు దిమ్మెలు) మూడూ చూడాలి.

రీడింగు పెరుగుతుంటే అడుగు వెనక్కి వేసి, గంటకు 20 మైక్రోసీవర్టుల దగ్గర తాడు కట్టండి. లోపలికి వెళ్లడం, ఎత్తడం శిక్షణ ఉన్నవాళ్ల పని. భాభా అణు పరిశోధన కేంద్రం తోడ్పాటుతో నడిచే అత్యవసర స్పందన బృందాలున్నాయి, ఏఈఆర్‌బీ ద్వారా వాళ్లను పిలిపించండి. చేతితో తీసి సంచిలో వేద్దామనే ధైర్యం ఎవరికీ వద్దు.

ఎనిమిదో పని: దొరికాక

సోర్స్ చెక్కుచెదరలేదని లీకు పరీక్షతో నిర్ధారించాలి. తాకినవాళ్ల, దగ్గర ఉన్నవాళ్ల పేర్లు, ఎంత సేపు, ఎంత దూరంలో ఉన్నారో రాసి మోతాదు లెక్కగట్టించాలి. కొట్టు కుర్రాడు కూడా ఆ జాబితాలో ఉండాలి. కార్మికులు మోతాదు కొలవడానికి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జీలు ఒక్కటే సరిపోవు, ఎందుకంటే స్క్రాప్ కొన్నవాడికి బ్యాడ్జీ ఉండదు.

ఎనభైలలో ఉక్రెయిన్‌లోని క్రమటోర్స్క్‌లో ఒక అపార్టుమెంటు గోడలో సీజియం క్యాప్సూల్ ఉండిపోయింది. అంతకు ముందు అది ఒక కంకర క్వారీలో పోయింది. వెతకడం ఆపేశారు, కంకర కాంక్రీటులో కలిసింది. 1989లో గానీ గోడలోంచి తీయలేదు. అప్పటికే ఆ ఇంట్లో పిల్లలు చనిపోయారు. అందుకే దొరకని గేజ్ ఫైలును "ముగిసింది" అని మూసే అధికారం ఫ్యాక్టరీకి ఉండకూడదని నా అభిప్రాయం.

తనిఖీకి వచ్చే అధికారులకు ఒక మాట

కాగితాలు చూసే ముందు ప్లాంటులోకి నడవండి. రిజిస్టర్ నుంచి గేజ్ వైపు కాక, గేజ్ నుంచి రిజిస్టర్ వైపు పోల్చండి. గోడకు పాత బిగింపు రంధ్రాలు ఉండి గేజ్ లేకపోతే, అక్కడిది ఎటు పోయిందని అడగండి. షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌ను "ఇది ఏమిటి, పోతే ఎవరికి చెబుతావు?" అని అడగండి. ఆర్‌ఎస్‌ఓ పేరు అతనికి తెలియకపోతే, ఆ లోపం నివేదికలో మొదటి వరుసలో రాయండి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆ క్యాప్సూల్ పోయినప్పుడు అలాంటి నిర్లక్ష్యానికి చట్టంలో ఉన్న గరిష్ఠ జరిమానా 1000 ఆస్ట్రేలియా డాలర్లు. వెతకడానికి కదిలిన బృందాల ఒక్క పూట ఖర్చుకు కూడా అది చాలదు. జరిమానా ఎంతుండాలో ప్రభుత్వాలు తేల్చుకోవాలి. మీ చేతిలో ఉన్నది తనిఖీ తేదీ. షట్‌డౌన్ వారంలోనే రండి, గేజ్‌లు తమ చోట్లలో లేని రోజున.